ద, ధ తేడా: తప్పు దిద్దుతూ నేర్పాలా, తప్పు రాకుండా నేర్పాలా?

ఎదుగుదలలో జాప్యం ఉన్న పిల్లలకు ఒకేలా కనిపించే రెండు రూపాల తేడా నేర్పేటప్పుడు తప్పులు చేయనిచ్చి దిద్దడం మేలా, మొదటినుంచీ సాయం చేస్తూ తప్పు రాకుండా చూడటం మేలా అని తల్లిదండ్రులు తరచుగా అడుగుతున్నారు. నా మొగ్గు రెండోదాని వైపే. అయితే ఆ సాయం ఎక్కడ ఉండాలన్నదే అసలు విషయం.

తప్పు దిద్దే పద్ధతిలో రెండు అక్షరాల కార్డులు పక్కపక్కన పెట్టి ఒకదాన్ని తీయమంటాం, తప్పు తీస్తే "కాదు" అంటాం; దీనికి ముందస్తు తయారీ పెద్దగా అక్కర్లేదు. తేడాను ఇప్పటికే గమనించగలిగే పిల్లలకు అది చాలు. గమనించలేని పిల్లలకు మాత్రం "కాదు" అన్న మాట ఏమి చూడాలో చెప్పదు. అలాంటప్పుడు వారు ఎప్పుడూ కుడివైపు కార్డునే తీయడం మొదలుపెడతారు; ఉన్నవి రెండే కార్డులు కనుక దాదాపు సగంసార్లు అదీ ఒప్పే అవుతుంది, అలవాటు బిగుసుకుంటుంది. మేధోవైకల్యం గల పిల్లలను పరిశీలించిన డేవిడ్ జీమన్, బెట్టీ హౌస్ 1963లో చెప్పినదీ ఇక్కడ పనికొస్తుంది: పిల్లలు చాలాసేపు ఊహించి తీసినట్టే తీస్తారు, తేడా ఉన్న చోట చూపు పడ్డాక మాత్రం త్వరగానే నేర్చుకుంటారు. ఆలస్యమంతా ఆ చూపు పడటంలోనే ఉంది.

అందుకే వేలితో చూపించడం నాకు అంతగా నచ్చదు. పిల్లలు అక్షరాన్ని వదిలి వేలినే చూస్తారు, వేలు తీయగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలపై 1975లో లారా ష్రైబ్‌మన్ జరిపిన పోలికలో కూడా బయటినుంచి ఇచ్చిన సాయంతో చాలామంది నేర్చుకోలేకపోయారు, రూపంలోనే తేడాను పెద్దది చేసి చూపినప్పుడు నేర్చుకున్నారు. మన ద, ధ విషయంలో ఆ తేడా అడుగున ఉండే చిన్న గీత. మొదటి కార్డులో దాన్ని బాగా లావుగా, పొడవుగా గీసి, తర్వాతి కార్డుల్లో కొద్దికొద్దిగా మామూలు కొలతకు తేవాలి. ఎర్రరంగు వేయాలని చాలామందికి అనిపిస్తుంది కానీ, చూపు గీత మీద కాక రంగు మీద నిలిచే ప్రమాదం ఉంది.



ఈ పద్ధతికి ఓపిక ఎక్కువ కావాలి. కార్డులు చేత్తో గీయాలి, ప్రతిసారీ వాటి చోటు మార్చాలి, వరుసగా రెండు తప్పులు వస్తే మాట్లాడకుండా ఒక కార్డు వెనక్కి వెళ్లాలి. గీతను తొందరపడి సన్నం చేస్తే, పిల్లలు మళ్లీ కుడివైపు కార్డునే తీస్తారు.