కోహిమాలో "యుద్ధం తవ్వకాలు" ప్యాకేజీకి డబ్బులు కట్టకండి, సమాధుల కొండకి మాత్రం ఒక పూటంతా ఇవ్వండి

నాగాలాండ్ రాజధాని కోహిమా అంటే మనవాళ్ళు ఎక్కువగా డిసెంబర్‌లో హార్న్‌బిల్ పండగకే వెళ్తారు, మేం మాత్రం 1944లో జపాన్ సైన్యంతో యుద్ధం జరిగిన చోట్లు చూడ్డానికే మార్చిలో వెళ్ళాం. నేను, మా ఆవిడ, బాబాయి, పిన్ని. బాబాయి ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యారు, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డ సంగతి తాతయ్య నోట వింటూ పెరిగిన మనిషి, ఆ జపాన్ వాళ్ళని మన దేశంలో ఎక్కడ ఆపారో కళ్ళారా చూడాలని ఎప్పట్నించో కోరిక.

నాగాలాండ్‌లోకి వెళ్ళడానికి కావాల్సిన ఐఎల్‌పీ (ఇన్నర్ లైన్ పర్మిట్) ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నాం, దిమాపూర్ నుంచి 74 కిలోమీటర్లు షేర్ సుమోలో మనిషికి 400, ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా లాడ్జిలో మొదలైంది. రూమ్ 2800, గీజర్ ఉందన్నారు, వెళ్తే పాడైందట, వేడినీళ్ళు బకెట్‌కి 50. ఆ లాడ్జివాళ్ళే ఒక గైడ్‌ని తగిలించారు, మనిషికి 1500, నలుగురికి 6000 ముందే కట్టాలి, జపాన్ బంకర్ దగ్గర మీరే తవ్వుకోవచ్చు, దొరికింది మీదే అని. అడవిలో గంట నడిపించి ఒక గుంట చూపించాడు, మెటల్ డిటెక్టర్ పెట్టగానే కూసింది, పార వెయ్యగానే మట్టి మెత్తగా విడిపోయింది, జానెడు లోతులో ఐదు ఖాళీ తూటా కేసులు వరసగా. బ్రిటిష్ వాళ్ళ త్రీనాట్‌త్రీ సార్ అన్నాడు. బాబాయి ఒకటి తీసుకుని చొక్కా అంచుతో తుడిచి అడుగుభాగం చూశారు. త్రీనాట్‌త్రీ కేసుకి అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, దీనికి లేదు, చుట్టూ గాడి మాత్రమే ఉంది, పైగా 84 అని అచ్చేసి ఉంది, అంటే 1984లో తయారైంది. అది యుద్ధం అయ్యాక మన ఆర్మీ వాడిన ఎస్ఎల్ఆర్ రైఫిల్ తూటా, ఆయన సర్వీసంతా పేల్చింది అదే. అంత కోపంగా ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. చచ్చిపోయినవాళ్ళ పేరు చెప్పి వ్యాపారం చేస్తావా అని హిందీలో నిలదీశారు. అరగంట గొడవపడితే 2000 వెనక్కిచ్చాడు, 4000 పోయాయి. దారంతా బాబాయి మాట్లాడలేదు.

నిజంగా తవ్వించే చోటయినా వద్దనే చెప్తా. కోహిమాలో ఇళ్ళకి పునాదులు తీసేటప్పుడు ఇప్పటికీ పేలని బాంబులు బయటపడుతుంటాయి. పార దేనికి తగుల్తుందో ఎవరు చెప్పగలరు?

మర్నాడు వార్ సిమెట్రీకి వెళ్ళాం, టికెట్ లేదు. ఊరి మధ్యలోనే గ్యారిసన్ హిల్, మెట్లు మెట్లుగా సమాధులు, 1420. పై భాగంలో అప్పటి డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు ఉండేది, ఇప్పుడు దాని గీతల్ని తెల్ల కాంక్రీట్‌తో గుర్తుపెట్టారు. ఒక చివర్నించి రెండో చివరికి నడిచి చూడండి, ఎంత చిన్న జాగానో అర్థమవుతుంది. 1944 ఏప్రిల్‌లో ఆ కోర్టుకి ఇటు బ్రిటిష్ ఇండియా సైన్యం, అటు జపాన్ సైన్యం గోతులు తీసుకుని గ్రెనేడ్లు విసురుకున్నారు. కోహిమాలో చిక్కుకున్న మనవైపు వాళ్ళు సుమారు 2500 మంది, అందులో చాలామంది పోరాడే సైనికులే కాదు, చుట్టుముట్టింది జపాన్ జనరల్ సాటో డివిజన్, పన్నెండు వేలకి పైనే. ఆ డివిజన్ మూడు వారాల తిండితో బయల్దేరింది, తర్వాత సరఫరా రాలేదు, చివరికి సాటో పైవాళ్ళ ఆర్డర్ కాదని తన మనుషుల్ని వెనక్కి తీసుకుపోయాడు. జపాన్ వాళ్ళు మూసేసిన ఇంఫాల్ రోడ్డు జూన్ 22న తెరుచుకుంది.

అక్కడే ఉన్న చెర్రీ చెట్టు కూడా చూడండి, జపాన్ స్నైపర్ ఎక్కి కాల్చిన పాత చెట్టు యుద్ధంలో పోయింది, దాని మొద్దు నుంచి వచ్చిన చిగురే ఇది.

ఇంకా పైకెళ్తే దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల స్మారకం. చాలామంది టెన్నిస్ కోర్టు దగ్గర ఫోటోలు దిగి వెనక్కి వెళ్ళిపోతున్నారు, అలా చెయ్యకండి, అక్కడున్నవి మనవాళ్ళ పేర్లు. పిన్ని పలకల మీద పేర్లు ఒక్కోటి వేలు పెట్టి చదువుతూ కూర్చుంది, లంచ్ టైమ్ దాటిపోయినా ఎవరం తొందరపెట్టలేదు.

ఆ రాత్రికి లాడ్జి ఖాళీ చేసి ఒక హోమ్‌స్టేకి మారాం, రూమ్ 2000, టిఫిన్ కలిపి, వేడినీళ్ళు ఎన్నయినా. పిన్ని మాంసం ముట్టదని తెలిసి ఇంటావిడ వెదురు చిగుళ్ళతో రాజ్మా వండింది, పుల్లగా ఘాటుగా, పిన్ని మూడోసారి వడ్డించుకుంది! వాళ్ళ పొలంలో దొరికిన మిలిటరీ పెట్రోల్ డబ్బా ఇంకా ఇంట్లోనే ఉంది, అత్తగారు ఏళ్ళ తరబడి దాంతోనే నీళ్ళు మోసిందట, అంచులు చేతులు తగిలి నున్నగా అయిపోయాయి. బాబాయి దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు, ఆ తవ్వకాల గొడవ తర్వాత అప్పుడు మళ్ళీ నోరు విప్పి ఆవిడతో కబుర్లు పెట్టుకున్నారు.

కిసామాలో యుద్ధ మ్యూజియం కూడా ఉంది, ఊరికి పది పన్నెండు కిలోమీటర్లు, ట్యాక్సీ రానూపోనూ 1200 తీసుకున్నాడు, సిమెట్రీ చూశాక వెళ్తేనే బాగా అర్థమవుతుంది. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, ఊళ్ళో షాపులు, హోటళ్ళు దాదాపు అన్నీ మూసేస్తారు. ఇంకోటి, ఖాళీ తూటా కేస్ ఎవరిచ్చినా బ్యాగులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో ఆపేస్తారు, మా దగ్గరున్న ఐదూ బాబాయి ఆ గైడ్ చేతిలోనే పెట్టొచ్చారు.