కీలు చచ్చిన ల్యాప్‌టాప్‌కి తెర మీది కీబోర్డు

విండోస్‌తో పాటు ఊరికే వచ్చే ఆన్-స్క్రీన్ కీబోర్డుకు ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. అది కూడా లాగిన్ తెర దగ్గర చేసే పనికే.

మాది చీమకుర్తిలో గ్రానైటు ఫ్యాక్టరీ. నా పని బిల్లింగ్. ఎంత తుడిచినా గెలాక్సీ రాయి పొడి కీల సందుల్లోకి దిగుతూనే ఉంటుంది. ఈసారి ఏ, ఎస్, ఎడమ షిఫ్టు పోయాయి. పాస్‌వర్డులో ఆ అక్షరాలు రెండూ ఉన్నాయి. బయట కృష్ణపట్నం పోర్టుకు వెళ్లాల్సిన లోడు రెడీ. "అక్కా, బిల్లు అయిందా?" అని డ్రైవరు కిటికీలోంచి ఒకటే అడగడం. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) లేకుండా బండి రోడ్డెక్కించలేం. టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మౌస్ పనిచేస్తే చాలు. లాగిన్ తెరలో కింద కుడి మూలన, పవర్ గుర్తు పక్కనే చిన్న బొమ్మ ఉంటుంది. విండోస్ 11లో అయితే చేతులు చాచిన మనిషి బొమ్మ. దాన్ని నొక్కితే వచ్చే జాబితాలో ఆన్-స్క్రీన్ కీబోర్డు ఉంటుంది. పాస్‌వర్డు గడిలో ఒకసారి క్లిక్ చేసి, ఒక్కో అక్షరం మౌస్‌తో నొక్కుకుంటూ పోవడమే. షిఫ్టు పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఒకసారి నొక్కితే తర్వాతి అక్షరం వరకు ఉండి, దానంతటదే వదిలేస్తుంది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. కూలీల చీటీలు తెలుగులో కొడతాం కాబట్టి మా కంప్యూటర్‌లో రెండు భాషలూ ఉన్నాయి. మామూలు కీబోర్డు మీద కొడుతుంటే కనబడేవి చుక్కలే, ఏ భాషలో పడుతున్నాయో తెలీదు. ఇక్కడ భాష తెలుగులో ఉంటే కీల మీద తెలుగు అక్షరాలే వస్తాయి. క్యాప్స్ పడితే పెద్దక్షరాలు కనబడతాయి. కీబోర్డు బాగున్నా పాస్‌వర్డు తప్పంటున్నప్పుడు కూడా నేను దీన్నే తెరుస్తున్నాను.

ఇక మార్కులు ఎందుకు కోశానంటే, వెనక నిలబడినవాళ్లకు పాస్‌వర్డు మొత్తం తెలిసిపోతుంది. గడిలో చుక్కలే పడినా మౌస్ ఏ కీ మీద ఆగుతోందో గోడ మీది సినిమా లాగా కనబడుతుంది. మా ఆఫీసులో కుర్చీ వెనకే డ్రైవర్లు, మేస్త్రీలు నిలబడతారు. వాళ్లను బయటికి పంపి కొట్టాల్సిందే. దీనితో కొడితే పాస్‌వర్డు ఎవరూ దొంగిలించలేరని కొందరంటారు గానీ, అదీ నిజం కాదు. కీలు కాజేసే దొంగ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉంటే ఈ కీబోర్డు పంపే అక్షరాలనూ పట్టేయగలదు.

కీ చచ్చిపోతే పరవాలేదు, ఇరుక్కుపోతేనే కష్టం. ఒక కీ లోపలికి దిగి అదే అక్షరం పడుతూనే ఉంటే, తెర మీద మీరు ఏం నొక్కినా గడి దానితోనే నిండిపోతుంది. కీబోర్డు విడిగా ఉండే కంప్యూటర్ అయితే వైరు పీకేయొచ్చు. ల్యాప్‌టాప్‌కు ఆ వీలు లేదు, రిపేరే గతి. విండోస్ మొదలవక ముందే బయోస్ పాస్‌వర్డు అడిగే మెషీన్లలోనూ ఇది సాయం చేయలేదు. అప్పటికి ఇది ఇంకా నిద్రే లేవదు.

లోపలికి వెళ్లాక దీనితో ఇన్‌వాయిస్ కొట్టాలని చూడకండి. జీఎస్టీ నంబరు ఒక్కటి కొట్టేసరికే ఓపిక పోతుంది. చేతులు సరిగా కదపలేని వాళ్ల కోసం, మౌస్‌ను కీ మీద కాసేపు ఆపితే చాలు నొక్కినట్టు తీసుకునే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. అది నిజంగా మంచి ఆలోచన. మాలాంటి వాళ్లు మాత్రం లారీని పంపించాక ఒంగోలు వెళ్లి యూఎస్‌బీ కీబోర్డు తెచ్చుకోవడమే మేలు, పైన సిలికాన్ కవరుతో సహా.

లాగిన్ తెరలో ఇది దానంతటదే రావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్ సెంటర్ కింద సెట్టింగు ఉంది. మా విండోస్ 10లో పెట్టి ఉంచాను. చిన్న తెర కదా, పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే సగం తెర ఇదే ఆక్రమిస్తోందని మా ఓనరు గారు విసుక్కుంటున్నారు. నేనైతే తీయను.