ఎమ్మెల్యే గారి పీఏ కాదు నాన్నా: 1,450 డాలర్ల సలహా ప్యాకేజీపై నా సమీక్ష

ఐదుకు రెండున్నర నక్షత్రాలు. అందులో రెండు, ఒకే ఒక్క గంట ఫోను సంభాషణకు. మిగిలిన ఎనిమిది నెలల సేవకు అర నక్షత్రం, అదీ ఎక్సెల్ పట్టికలో రంగులు ముచ్చటగా వేసినందుకు.

నేను డబ్బు కట్టింది అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సుకు దరఖాస్తు చేసేవారికి సలహాలిచ్చే ఒక ప్రైవేటు సంస్థకు. పేరు రాయడం లేదు. ఇలాంటి సంస్థలు చాలా ఉన్నాయి, ప్రకటనలు చూస్తే అందరూ అమ్మేది దాదాపు ఒకే సరుకు. కాలేజీల జాబితా తయారు చేయడం, ఈ వృత్తి ఎందుకో చెప్పే వ్యాసం దిద్దడం, దరఖాస్తు మొత్తం ఒకసారి చూసిపెట్టడం, చివర్లో ఒక సీనియర్‌తో గంటసేపు మాట్లాడే అవకాశం. అన్నీ కలిపి 1,450 డాలర్లు.

మాది తెనాలి. ఇంటర్‌లో బైపీసీ, ఎంసెట్‌లో ఎంబీబీఎస్ సీటుకు చాలని ర్యాంకు, గుంటూరులో బీఫార్మసీ. తరువాత టెక్సాస్‌లో పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్, జీపీఏ నాలుగుకు 3.9. ఆపైన ఐదేళ్ళు క్లినికల్ ట్రయల్స్ సమన్వయకర్తగా ఉద్యోగం. రోగుల ఫైళ్ళు వందల కొద్దీ చూశాను, రోగులను మాత్రం ఎప్పుడో గానీ చూడలేదు. ఆ వెలితే నన్ను ఇటు తిప్పింది.

పీఏ చదువుతానని ఫోనులో చెప్పినప్పుడు నాన్న కాసేపు మాట్లాడలేదు. “మాస్టర్స్ చేసి పీఏ పని ఎందుకమ్మా? మన ఎమ్మెల్యే గారి పీఏ పదో తరగతి కూడా దాటలేదు” అన్నారు. ఇది ఆ పీఏ కాదని, రోగిని పరీక్షించి, జబ్బు తేల్చి, మందులు రాసే వృత్తి అని, 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసిన నలుగురితో మొదలైందని చెప్పాను. “అయితే ఆర్‌ఎంపీ డాక్టరా?” అని అడిగారు. నాన్నను ఏమీ అనలేను. ఈ పేరుతో ఇక్కడివారికీ తలనొప్పే. వృత్తి సంఘం వారు 2021లో దాన్ని ‘ఫిజీషియన్ అసోసియేట్’గా మార్చుకోవాలని తీర్మానించారు.

ఇక సంస్థ సంగతి. మొదటి ఫోనులో మాట్లాడిన కుర్రవాడు ఇరవై నిమిషాల్లో మూడుసార్లు “మీకు మాస్టర్స్ ఉంది, అదే మీ బలం” అన్నాడు. మూడుసార్లూ నాకు హాయిగానే ఉంది. వారం తిరగకుండా తొమ్మిది కాలేజీల జాబితా వచ్చింది. సీటు సులువుగా వచ్చేవాటికి ఆకుపచ్చ, అటూ ఇటూగా ఉన్నవాటికి పసుపు, ఆశపడదగ్గవాటికి ఎరుపు. నాలుగు ఆకుపచ్చలు చూసి ఆ రాత్రి మా ఆయనకు పాయసం కూడా చేసి పెట్టాను.

ఈ కోర్సులకు చాలామటుకు కాస్పా అనే ఒకే కేంద్రం ద్వారా దరఖాస్తు చేయాలి. నేను కట్టినప్పుడు మొదటి కాలేజీకి సుమారు 180 డాలర్లు, ఆపై ఒక్కోదానికి సుమారు 60 రుసుము. కొన్ని కాలేజీలు దీనికి తోడు తమ సొంత ఫారానికి వేరే వసూలు చేస్తాయి. తొమ్మిదింటికీ కలిపి ఏడు వందలు దాటింది. భారత్‌లో చదివిన మార్కులను ఇక్కడి సంస్థ చేత ఒక్కో సబ్జెక్టు వారీగా మదింపు చేయించడానికి అయిన ఖర్చు అదనం.

తొమ్మిదింటిలో ఒక్కరూ ఇంటర్వ్యూకు పిలవలేదు. ఆకుపచ్చ కాలేజీల్లో ఒకటి ‘కనీస అర్హతలు లేవు’ అని రెండు వాక్యాల్లో తేల్చేసింది. 3.9 తెచ్చుకున్నదానికి కనీస అర్హత లేకపోవడమేమిటని ఉక్రోషంతో ఫోను చేశాను. ఎత్తినావిడ ఓపికగానే అడిగారు: “అనాటమీ ఎక్కడ చదివారు? మైక్రోబయాలజీ?” గుంటూరులో అన్నాను. చేరేముందు చదివి ఉండాల్సిన కోర్సులు అమెరికా బయట చదివితే తాము లెక్కలోకి తీసుకోమని, ఆ మాట తమ వెబ్‌సైటులోనే ఉందని చెప్పారు. చూశాను. నిజంగానే ఉంది, రెండో పేరాలో. రంగులు వేసిన మనిషి ఆ పేరా దాకా వెళ్ళలేదన్నమాట. నేనూ వెళ్ళలేదు, అది నా తప్పు. కానీ నేను 1,450 కట్టింది ఆ పేరా నా తరఫున ఎవరైనా చదువుతారనే కదా.

మాస్టర్స్ చేసి ఈ దారి పట్టేవారికి అసలు విషయం ఇక్కడే ఉంది. పీఏ కోర్సు కూడా మాస్టర్సే. దాని గుమ్మం దగ్గర ఇంకో మాస్టర్స్ పట్టా చూపితే పక్కకు జరిగి దారి ఇవ్వరు. వారు అడిగేవి డిగ్రీ స్థాయి కోర్సులు: ల్యాబుతో సహా అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్ వంటివి. చాలా చోట్ల అవి గత ఐదేళ్ళలోనో పదేళ్ళలోనో చదివినవై ఉండాలి. ఆ జాబితాలో నా రెండేళ్ళ మాస్టర్స్ తీర్చిన అవసరం ఒక్కటే, స్టాటిస్టిక్స్. ఆ 3.9 కూడా డిగ్రీ మార్కుల మరకను తుడిచేది కాదు. కాస్పా డిగ్రీ స్థాయి జీపీఏనూ మాస్టర్స్ జీపీఏనూ వేరు వేరు గళ్ళలో చూపుతుంది. కాలేజీవారి కళ్ళు ముందు వెళ్ళేది డిగ్రీ, సైన్సు గళ్ళ మీదికే.

రోగుల సేవ గంటల దగ్గరా ఇదే కథ. నా సమన్వయకర్త ఉద్యోగం మొత్తాన్నీ ‘రోగితో నేరుగా చేసిన పని’ కింద వేయమన్నాడు ఆ కుర్రవాడు. వేశాను. అంగీకార పత్రాలు నింపడం, తేదీలు సరిచూడటం ఆ గడిలోకి రావని కాలేజీవారికి చదవగానే తెలిసిపోతుంది. అలా వేసి నా మాట విలువ నేనే తగ్గించుకున్నాను.

వ్యాసం ముచ్చట కూడా చెప్పాలి. ఖాళీలతో సహా 5,000 అక్షరాలు దాటకూడదని నియమం. మందుల ట్రయల్‌లో చేరిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు, జవాబు తెలిసి కూడా నా హోదాలో చెప్పకూడని సందర్భం గురించి రాసుకున్నాను. సంస్థ తరఫున దిద్దినాయన దాన్ని కొట్టివేసి, ‘మీ నాయనమ్మ మరణంతో మొదలుపెడితే బాగుంటుంది’ అని పక్కన రాశాడు. మా నాయనమ్మ నిక్షేపంగా ఉంది. ఇప్పటికీ ఆవకాయ జాడీకి వాసెన తానే కడుతుంది, ఇంకొకరిని కట్టనివ్వదు. ఆయన తిప్పి పంపిన వ్యాసంలో 5,312 అక్షరాలున్నాయి.

ఇన్ని జరిగాక, ప్యాకేజీలో మిగిలిపోయిన ఆ సీనియర్ గంటను విసుగుతోనే వాడుకున్నాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా పీఏ, ఒక కాలేజీ ప్రవేశాల కమిటీలో కూర్చున్న మనిషి. నన్ను పొగడలేదు. “మీ కోర్సుల పేర్లు, చదివిన సంవత్సరాలు చదవండి, నేను రాసుకుంటాను” అన్నారు. నేను చదువుతుంటే తొమ్మిది కాలేజీల పేజీలూ ఒక్కొక్కటే తెరిచి ఆరు కొట్టేశారు. మిగిలిన మూడింటికి ఏమేం చదవాలో చెప్పారు. “మాస్టర్స్ గురించి అడిగితే ముప్పై సెకన్లు మాట్లాడండి. రోగి గురించి అడిగితే మూడు నిమిషాలు మాట్లాడగలగాలి. ఇప్పుడు మాట్లాడగలరా?” అన్నారు. లేనని ఒప్పుకున్నాను. రెండు నక్షత్రాలు ఈవిడవే.

తరువాతి ఏడాదిన్నర కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రపు తరగతులు, పగలు అర్జెంట్ కేర్ క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్ ఉద్యోగం. జీతం పాతదాంట్లో సగం కన్నా తక్కువ. పక్క బల్ల మీద పందొమ్మిదేళ్ళ పిల్లలు నన్ను మొదటి రోజు టీచరనుకున్నారు. బీపీ చూడటం, రక్తం తీయడం, ఈసీజీ అతికించడం నేర్చుకున్నాను. మొదటి నెలలో నా చేతిలో నరం దొరకని ప్రతి రోగికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం, అమెరికా చూడటానికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడను మనవడు తీసుకొచ్చాడు. ఆవిడ “కళ్ళు తిరుగుతున్నాయి” అంటుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన ఆ పిల్లవాడు ఉన్నదున్నట్టు అనువదించి కంటి జబ్బని చెప్పాడు. ఫారంలో కన్ను అని పడింది. నేను తెలుగులో అడిగాను: పడుకుని లేస్తేనా, ఊరికేనా? లేచినప్పుడే అన్నారు. మాతో ఉన్న పీఏకు చెబితే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ తీయమన్నారు. నిలబడగానే బీపీ పడిపోతోంది. ఊళ్ళో డాక్టరు ఇచ్చిన మాత్రకు తోడు ఇక్కడ ఎవరో ఇంకొకటి రాశారు, ఆవిడ రెండూ వేసుకుంటున్నారు. నా వ్యాసం ఆ రాత్రే రాసుకున్నాను. 4,870 అక్షరాలు. నాయనమ్మ లేదు.

రెండోసారి ప్యాకేజీ జోలికి పోలేదు. అదే సంస్థలో ఆవిడ గంట మాత్రం విడిగా 160 డాలర్లకు కొన్నాను. వారి వెబ్‌సైటులో అలా విడిగా కొనే వీలు ఉంది, కానీ పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో. నాలాంటి వారు కొనవలసింది అదొక్కటే. అది కూడా కాలేజీల పేజీలు మీరు ముందుగా చదివి, మీ కోర్సుల పట్టిక చేతిలో పెట్టుకున్నాకే.

మన వారికి ముఖ్యంగా ఒక మాట. చాలా కాలేజీలు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని మాత్రమే తీసుకుంటాయి. హెచ్4 (ఉద్యోగి కుటుంబం), ఎఫ్1 (విద్యార్థి) వీసాల మీద ఉన్నవారు ఎవరికైనా డాలరు కట్టే ముందు కాలేజీకే ఫోను చేసి ఇది అడగండి. నాకు గ్రీన్‌కార్డు ఉంది కనుక సరిపోయింది. ఆ సంస్థ మొదటి రోజు నింపించిన ఫారంలో నలభై ప్రశ్నలున్నాయి, నా అభిమాన క్రీడ ఏమిటని కూడా ఉంది. వీసా గురించి మాత్రం లేదు.

రెండోసారి ఆరు దరఖాస్తులు, రెండు ఇంటర్వ్యూలు, ఒక వెయిటింగ్ లిస్టు, ఒక సీటు. జనవరిలో తరగతులు మొదలు, 27 నెలలు. నాన్న ఊళ్ళో ఏమని చెప్పుకుంటున్నారో అడిగాను. “చిన్న డాక్టరు అంటున్నానమ్మా, ఎవరూ మారు ప్రశ్న వేయడం లేదు” అన్నారు.

సీటు వచ్చిందని సంస్థకు నేనే మెయిలు పెట్టాను. తమ విజయాల పేజీలో నా ఫోటో వేసుకోవడానికి అనుమతి అడిగారు, వద్దన్నాను. అయినా, వచ్చే ఏడాది దరఖాస్తు ప్యాకేజీ మీద నాకు పదిహేను శాతం తగ్గింపు ఇస్తామంటూ ప్రతి మంగళవారం మెయిలు వస్తూనే ఉంది.