కాలేయం చెడినవారికి రాత్రి ఖాళీ కడుపా, పడుకునే ముందు పలహారమా: ఏది మేలు?

కడుపు ఉబ్బి, కాళ్లకు నీరు పట్టి, నెల్లూరులోనో ఒంగోలులోనో పరీక్షలు చేయించుకొని, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడిపోయే జబ్బు) అని తేలాక ఇల్లు చేరిన మనిషికి ఇంట్లోవారు ముందుగా చేసే పని తిండి తగ్గించడం. పచ్చకామెర్లకు పసరు మందు ఇచ్చేవారు విధించే ఉప్పు, నూనె, పప్పు లేని మజ్జిగన్నపు పథ్యం మన పల్లెల్లో పాతదే. సాయంత్రం ఏడు దాటితే ఏమీ ముట్టరాదనే నియమం ఈమధ్య ఫోన్ల ద్వారా దానికి తోడైంది. కాలేయ వైద్యులు మాత్రం ఇందుకు విరుద్ధంగా, పడుకునే ముందు ఇంకొంత తినమంటారు. ఈ రెండింటిలో ఏది సరైనదో కాలేయ కణం రాత్రిపూట ఏం చేస్తుందో చూస్తే తెలుస్తుంది.

ఆరోగ్యవంతుడి కాలేయం సుమారు 100 గ్రాముల చక్కెరను గ్లైకోజెన్ రూపంలో దాచుకొని, మనం నిద్రపోతున్నప్పుడు కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. సిర్రోసిస్‌లో పనిచేసే కణాలు తగ్గి, వాటి స్థానంలో గట్టి నారపొర పెరగడం వల్ల ఆ నిల్వ బాగా పడిపోతుంది. నిల్వ లేకపోయినా మెదడుకు చక్కెర కావాలి కనుక శరీరం కండరాలను కరిగించి, వాటిలోని మాంసకృత్తులు విడిపోగా వచ్చే అమైనో ఆమ్లాలతో చక్కెర తయారుచేయడం మొదలుపెడుతుంది. గాదె ఖాళీ అయిన ఇంట్లో విత్తనపు వడ్లు దంచుకోవడం వంటిదే ఇది. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే గాని రాని స్థితి, సిర్రోసిస్ రోగికి ఒక్క రాత్రి ఉపవాసంతోనే వస్తుంది.

నష్టం బక్కచిక్కడంతో ఆగదు. అమైనో ఆమ్లాలు చక్కెరగా మారేటప్పుడు మిగిలిన నత్రజని అమ్మోనియా అవుతుంది. దానిని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపే రసాయన చక్రాన్ని 1932లో హన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సలైట్ కనుగొన్నారు. ఆ చక్రం నడిచేది ముఖ్యంగా కాలేయంలోనే. అది మందగించినప్పుడు అమ్మోనియాను గ్లుటమిన్‌గా మార్చి కొంత భారం మోసేది కండరం. అందువల్ల రాత్రంతా పస్తున్న రోగి ఒకవైపు అమ్మోనియాను పెంచుకుంటూ, మరోవైపు దానిని పట్టి ఉంచే కండరాన్నే పోగొట్టుకుంటాడు. మనిషి మాట తడబడడం, పగలు నిద్ర, రాత్రి మెలకువ వంటి లక్షణాలకు ఈ అమ్మోనియాదే పెద్ద పాత్ర.

ఏడు తర్వాత తినవద్దనే సలహా పూర్తిగా నిరాధారమని అనలేము. కొవ్వు పట్టిన కాలేయపు తొలి దశలో కణాలకు ఇంధనం ఎక్కువై, కణంలో ఇంధనాన్ని మండించే మైటోకాండ్రియా దానిని కాల్చలేక అవస్థపడతాయి. అక్కడ తిండి తగ్గించి, బరువులో 7 నుంచి 10 శాతం వదిలించుకుంటే కాలేయం వాపు తగ్గుతుంది. కాలేయం విఫలమయ్యే దశలో ఉన్నవాడి కష్టం ఇంధనం లేకపోవడం. పక్కింటివాడికి మేలు చేసిన నియమం ఇతనికి కీడు చేయడానికి కారణం ఇదే.

పడుకునే ముందు తినే పలహారంలో కనీసం 50 గ్రాముల పిండిపదార్థం ఉండాలి: నాలుగు ఇడ్లీలో, రెండు చపాతీలతో ఒక గ్లాసు పాలో సరిపోతాయి. న్యూజిలాండ్‌లో జరిగి 2008లో వెలువడిన ఒక పరీక్షలో, ఒకే పోషకాహారాన్ని సిర్రోసిస్ రోగుల్లో కొందరికి పగలు, కొందరికి రాత్రి ఏడాదిపాటు ఇచ్చారు. శరీరంలో మాంసకృత్తులు పెరిగింది రాత్రి తీసుకున్నవారిలోనే. చక్కెర వ్యాధి కూడా ఉన్నవారు మాత్రం డాక్టరుతో మాట్లాడి మందుల వేళలను దీనికి తగ్గట్టు మార్చుకోవాలి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు ఆ మొక్కును మరో రూపంలో తీర్చుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పప్పు, గుడ్డు మాన్పించడం కూడా ఇటువంటి పొరపాటే. యూరప్ కాలేయ వైద్యుల సంఘం 2018 మార్గదర్శకాలు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు తినమంటున్నాయి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. మాటతడబాటు ఉన్నవారికి మాంసం కంటే పప్పులు, పాలు, పెరుగు బాగా సరిపడతాయి. ఇలాంటివారికి ఇచ్చే లాక్టులోజ్ అనే మందు పేగులోని అమ్మోనియాను బయటికి పంపుతుంది గాని, పోయిన కండరాన్ని తిరిగి తేలేదు.

ఖాళీ కడుపున తాగడం అన్నింటికంటే చెడ్డది. సారాయి కాలేయ కణంలో చక్కెర తయారీనే అడ్డుకుంటుంది కనుక, నిల్వ లేనివాడికి రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలను మూయించినప్పుడు ఈ రసాయనం వారికి తెలియకపోవచ్చు గాని, ఫలితం వారి ఇళ్లలోనే కనిపించింది.

పాత పథ్యంలో నిలిచే మాట ఉప్పు ఒక్కటే: కడుపులో నీరు చేరినవారు రోజుకు సుమారు 5 గ్రాములు దాటకూడదు, కనుక ఆవకాయ, ఎండుచేపలు పక్కన పెట్టాల్సిందే. అయితే చప్పిడి కూడు నోటికి రుచించక రోగి కంచం ముందునుంచి లేచిపోతుంటే, పట్టు కొంత సడలించడం మేలని పైన చెప్పిన యూరప్ మార్గదర్శకాలే సూచిస్తున్నాయి.