లండన్ సుప్రీంకోర్టు: ఉచిత ప్రవేశం, ఉచిత తీర్పులు, ఒక ఖాళీ కుర్చీ

ఈ అక్టోబరు చివర బడికి వారం సెలవులు ఇచ్చినప్పుడు, "అత్తయ్యగారూ, లండన్‌లో మీకు ఏం చూడాలని ఉంది?" అని మా అల్లుడు అడిగాడు. రాణిగారి కోట అంటాననో, పెద్ద గడియారం అంటాననో అనుకున్నట్టున్నాడు. సుప్రీంకోర్టు అన్నాను. నేను జిల్లా కోర్టులో నకళ్ల విభాగం గుమాస్తాగా చేరి, 31 ఏళ్లు పనిచేసి, శిరస్తాదారుగా రిటైరైన మనిషిని. ఏ ఊరు వెళ్లినా గుడి చూసినట్టే కోర్టూ చూస్తాను. పైగా ఈ కోర్టు ఇచ్చిన ఒక తీర్పు నాలుగేళ్లుగా నా మనసులో నలుగుతోంది.

రీడింగ్ నుంచి రైలులో పాడింగ్టన్, అక్కడి నుంచి భూగర్భ రైలులో వెస్ట్‌మినిస్టర్. మెట్లెక్కి బయటకు వస్తే ఎదురుగా పార్లమెంటు, చౌకుకు అవతలి పక్క కోర్టు. నాతో వచ్చింది పన్నెండేళ్ల మనవరాలు. ప్రవేశం ఉచితం. ఇద్దరు ముగ్గురుగా వెళ్లేవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకోనవసరం లేదు. గుమ్మంలో విమానాశ్రయంలో లాగా సంచులు తనిఖీ చేస్తారు. ఎవరి తాలూకు, ఏ కేసు, ఎందుకు వచ్చారు అని ఒక్కరూ అడగలేదు. కాపలా మనిషి నా చేతికర్ర చూసి లిఫ్టు ఎటో చూపించి, ఫోను మోగకుండా పెట్టుకోమని మాత్రం చెప్పాడు.

ఇక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కోర్టు హాలు. మన కోర్టుల్లో జడ్జిగారి పీఠం ఎత్తున ఉంటుంది, బెంచి క్లర్కు దాని కింద, మిగతావాళ్లు ఇంకా కింద. ఇక్కడ న్యాయమూర్తులు వంపు తిరిగిన బల్ల వెనక, న్యాయవాదులు కూర్చున్న మట్టంలోనే కూర్చుంటారు. గౌన్లు లేవు, విగ్గులు లేవు. కోటు వేసుకున్న పెద్దమనుషులు ఒక బల్ల చుట్టూ చేరి మాట్లాడుకుంటున్నట్టు ఉంది. కింద పరిచిన తివాచీని పీటర్ బ్లేక్ అనే చిత్రకారుడు రూపొందించాడు. నాలుగు ప్రాంతాల గుర్తులూ అందులో ఉన్నాయి. ఇంగ్లండ్ గులాబీ, స్కాట్లండ్ ముళ్ల పువ్వు, వేల్స్ లీక్ ఆకు, ఉత్తర ఐర్లండ్ అవిసె పువ్వు. మనవరాలు వంగి ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ పేర్లు చెప్పింది. మేము వెళ్లేసరికి ఏదో ఒప్పందం తాలూకు వాదన నడుస్తోంది. వెనక వరుసలో అరగంట కూర్చున్నాం. న్యాయమూర్తి ప్రశ్న వేస్తే న్యాయవాది తడుముకోకుండా సంపుటం, పుట చెబుతున్నాడు. ఆ క్రమం చూస్తే నాకు కడుపు నిండింది.

మూడో హాలు ప్రివీ కౌన్సిల్ జ్యుడిషియల్ కమిటీది. ఆ పేరు చదివి ఆగిపోయాను. 1949లో మన దేశం ఆ అప్పీళ్లకు స్వస్తి చెప్పేదాకా, మద్రాసు హైకోర్టులో ఓడిన మన గోదావరి జిల్లాల జమీందారులు చివరికి వచ్చింది ఆ కమిటీ ముందుకే. అప్పట్లో అది వేరే భవనంలో ఉండేది. పిఠాపురం సంస్థానం దావాలో 1918లో అది ఇచ్చిన తీర్పును మా పాత ప్లీడర్లు నోటికి చెప్పేవారు. సముద్రం అవతలి కక్షిదారు కాగితాల మీదే గెలిచే రోజులవి. ఆ సంగతి మనవరాలికి చెబుతూ మెట్లు దిగాను. కింది అంతస్తులో చిన్న ప్రదర్శన, కాఫీ దొరికే చోటు ఉన్నాయి.

నేను అసలు మెచ్చుకోవాలనుకున్నది భవనాన్ని కాదు. ఈ కోర్టు తన వాదనల వీడియోలనూ, తీర్పులనూ, ప్రతి తీర్పుకూ ఒక చిన్న సారాంశాన్నీ వెబ్‌సైటులో ఉచితంగా పెడుతుంది. నకలు కోసం స్టాంపు అంటించి, దరఖాస్తు రాసి, కాగితాలు జమచేసి, వారాల తరబడి మా కిటికీ ముందు నిలబడిన రైతుల ముఖాలు నాకు గుర్తు. తీర్పు వెలువడిన రోజే, ఓడినవాడూ గెలిచినవాడూ సంబంధం లేనివాడూ ఒకే ప్రతిని ఇంట్లో కూర్చుని చదవగలగడం ఎంత పెద్ద సంగతో ఆ కిటికీ వెనక కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. సారాంశం సాదా ఇంగ్లీషులో ఉంటుంది. కేసు ఏమిటి, ప్రశ్నలు ఏమిటి, కోర్టు ఏమంది, ఏ పేరాలో అంది. మామూలు డిగ్రీ చదివిన నాకే అర్థమైంది.

నేను మొదట చూసిన వీడియో 2021 ఫిబ్రవరి 26 నాటిది. కరోనా రోజులు. కోర్టు అధ్యక్షుడు లార్డ్ రీడ్ తెర మీద కనిపించి, షమీమా బేగం కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పును చదివి వినిపించారు.

ఆ అమ్మాయి 1999లో లండన్‌లో పుట్టింది. తూర్పు లండన్‌లో బెత్నల్ గ్రీన్ బడిలో చదువుతూ, 2015 ఫిబ్రవరిలో, పదిహేనేళ్ల వయసులో, ఇద్దరు స్నేహితురాళ్లతో గాట్విక్ విమానాశ్రయంలో విమానం ఎక్కి ఇస్తాంబుల్ మీదుగా సిరియాలో ఐసిస్ ఏలుబడిలోకి వెళ్లిపోయింది. నాలుగేళ్లకు, 2019 ఫిబ్రవరిలో, ఒక శిబిరంలో, నిండు గర్భంతో విలేకరి కంట పడింది. చెత్తబుట్టలో తెగిన తల చూసినా తాను చలించలేదని ఆమె అన్న మాట చదివి నేను పేపరు పక్కన పడేశాను. ఆ ముఠా వల్ల ఎన్ని యజీదీ కుటుంబాలు నాశనమయ్యాయో తెలిసినవాళ్లెవరికీ ఆ మాట మింగుడు పడదు. అదే నెల 19న హోం మంత్రి సాజిద్ జావిద్ ఆమె పౌరసత్వం రద్దు చేశారు. మార్చిలో ఆ పసివాడు మూడు వారాలైనా నిండకుండా చనిపోయాడు. అంతకు ముందే ఇద్దరు బిడ్డలు పోయారు.

రద్దు మీద అప్పీలు చేసుకునే హక్కు ఆమెకు ఉంది. ఆ అప్పీలు నడుపుకోవడానికి దేశంలోకి రానివ్వాలా అన్నది సుప్రీంకోర్టు ముందున్న ముఖ్య ప్రశ్న. రానివ్వాలని 2020 జూలైలో కింది అప్పీలు కోర్టు అంది. అక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది. దేశ భద్రతకు ముప్పు ఎంత అన్నది నిర్ణయించే బాధ్యత ప్రజలకు జవాబుదారీ అయిన మంత్రిది, ఆ అంచనాకు కోర్టులు తగిన గౌరవం ఇవ్వాలి, న్యాయమైన విచారణ హక్కు ప్రజల భద్రతను పక్కకు నెట్టేయదు అని వివరించింది. ఆమె పాల్గొనగలిగే పరిస్థితి వచ్చేదాకా అప్పీలును ఆపి ఉంచడమే మార్గమంది. ఇది పూర్తి పరిష్కారం కాదని కోర్టే ఒప్పుకుంది.

130కి పైగా పేరాలున్న ఆ తీర్పును నేను రెండుసార్లు చదివాను. రాత నిర్మలంగా ఉంది. తర్కం ఎక్కడా తెగదు. నా అభ్యంతరం వేరే.

మా కోర్టులో కేసు పిలుపుకు వచ్చినప్పుడు బంట్రోతు వరండాలోకి వెళ్లి పేరు మూడుసార్లు పిలుస్తాడు. మూడో పిలుపుకూ ప్రతివాది రాకపోతే గైర్హాజరు అని రాసి ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆ మనిషి లేకుండానే తీర్పు, ఇస్తారు. అయినా అంతటితో తలుపు మూసుకోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13 కింద, రాలేకపోవడానికి తగిన కారణం ఉందని చూపిస్తే డిక్రీ రద్దు చేసి కేసు మళ్లీ తెరుస్తారు. కాన్పు, వరద, బస్సు సమ్మె, ఇలా ఎన్ని కారణాలతో ఎన్ని దరఖాస్తులు నా చేతి మీదుగా జడ్జిగారి బల్ల మీదికి వెళ్లాయో లెక్క లేదు. ఈ కేసులో రాలేకపోవడానికి కారణం ఆ ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వమే. పేరు పిలిచి, వరండాకు వచ్చే దారి మూసేసి, మనిషి వచ్చేదాకా ఆగుదాం అనడం నాకు మింగుడు పడలేదు. ఆమెను రప్పించి బోనులో నిలబెట్టి, నేరం రుజువైతే ఇరవై ఏళ్లు జైల్లో పెట్టండి, నాకేమీ బాధ లేదు. శిక్ష కోర్టులో వేయాలి.

ఆ అప్పీలు తర్వాత ఆమె లేకుండానే నడిచింది. విన్నది ప్రత్యేక వలసల అప్పీలు కమిషన్. అక్కడి పద్ధతి తెలుసుకున్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. గూఢచారి సంస్థల రహస్య సాక్ష్యాన్ని కక్షిదారుకూ చూపరు, ఆమె న్యాయవాదికీ చూపరు. భద్రతా అనుమతి ఉన్న ఒక ప్రత్యేక న్యాయవాదిని వేస్తారు. ఆయన ఆ రహస్య కాగితాలు చూశాక, కమిషన్ అనుమతి లేకుండా వాటి గురించి ఆమెతో మాట్లాడటానికి వీల్లేదు. రికార్డులో ఉన్న ప్రతి కాగితానికీ నంబరు వేసి, ఇరుపక్షాలకూ నకలు అందిందో లేదో సంతకం తీసుకోవడమే నా ఉద్యోగం. లైంగిక దోపిడీ కోసం ఆమెను మోసంతో తరలించారన్న అనుమానానికి ఆధారం ఉందని 2023 ఫిబ్రవరిలో ఆ కమిషనే చెప్పింది. చెప్పి, అప్పీలు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టూ కొట్టేసింది. ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు అనుమతి నిరాకరించింది. ఇప్పుడది స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టుకు చేరింది.

చట్టం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంట్లోకి వస్తుంది. 1981 నాటి బ్రిటిష్ జాతీయత చట్టం 40వ సెక్షన్ కింద ప్రజాహితం కోసం మంత్రి పౌరసత్వం తీసేయవచ్చు, కానీ మనిషిని ఏ దేశమూ లేకుండా చేయకూడదు. షమీమా తల్లిదండ్రులది బంగ్లాదేశ్. ఆ దేశపు చట్టం ప్రకారం వాళ్ల సంతానానికి పుట్టుకతోనే పౌరసత్వం సంక్రమిస్తుంది, 21 ఏళ్లు నిండేదాకా నిలుస్తుంది. రద్దునాటికి ఆమెకు 19. మా మనిషి కాదు, రానివ్వం అని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెప్పేసింది. అంటే ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే తప్పు చేస్తే, నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నవాడి బిడ్డ జైలుకు వెళుతుంది, తల్లిదండ్రులు వేరే దేశం నుంచి వచ్చిన బిడ్డ శిబిరంలో మిగిలిపోతుంది. జాక్ లెట్స్ అనే ఆక్స్‌ఫర్డ్ కుర్రవాడి విషయమూ ఇంతే. తండ్రి వైపు నుంచి కెనడా పౌరసత్వం ఉంది కాబట్టి అతని బ్రిటన్ పౌరసత్వాన్ని 2019లో తీసేశారు. కెనడా బహిరంగంగానే నొచ్చుకుంది.

2014లో ఇంకో మెట్టు దిగారు. దరఖాస్తు చేసుకుని పౌరసత్వం పొందినవాళ్లు దేశ కీలక ప్రయోజనాలకు తీవ్రంగా హాని చేస్తే, వేరే దేశపు పౌరసత్వం పొందగలరని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు, ఏ దేశమూ లేని స్థితిలో పడినా తీసేయవచ్చు. 2017 ఒక్క ఏడాదిలోనే ప్రజాహితం పేరుతో 104 మంది పౌరసత్వం తీసేశారు. మా అమ్మాయి 2012లో బ్రిటన్ పౌరురాలైంది. అదే క్షణంలో మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కింద భారత పౌరసత్వం పోయింది. పాస్‌పోర్టు అప్పగించి తెచ్చుకున్న కాగితం, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు బీరువాలో ఉన్నాయి. ఐదేళ్లు ఓసీఐగా ఉండి, ఏడాది మన దేశంలో నివసిస్తే మళ్లీ భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చని మన చట్టంలో ఉంది. నా కూతురు ఎవరి జోలికీ వెళ్లే మనిషి కాదు, ఆసుపత్రిలో నర్సు. అయినా పక్కింటి ఆవిడ పౌరసత్వానికి లేని షరతు ఆమె పౌరసత్వానికి ఉందన్న మాట తల్లిగా నాకు గుచ్చుకుంటుంది.

ఇలాగే ఉండాలని లేదు. ఐసిస్‌లో చేరాడన్న డెలిల్ అలెగ్జాండర్ అనే మనిషి పౌరసత్వాన్ని ఆస్ట్రేలియా మంత్రి తీసేస్తే, 2022 జూన్‌లో అక్కడి హైకోర్టు (ఆ దేశంలో అదే అన్నిటికన్నా పై కోర్టు) ఆ సెక్షన్నే కొట్టేసింది. ఇది శిక్షతో సమానం, నేరం తేల్చి శిక్ష వేయడం మంత్రి పని కాదు, కోర్టుల పని అని చెప్పింది. ఆ తీర్పు కూడా ఉచితంగానే దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే. ముందు రోజు ఇంట్లో ఏదో ఒక కేసు సారాంశం చదువుకుని, దాని వీడియో కాసేపు చూసి, ఆ తర్వాత వెళ్లి అదే హాలులో కూర్చోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకే తెరిచి ఉంటుంది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. తలుపులు తెరిచి పెట్టే పద్ధతికీ, తీర్పులు అందించే తీరుకూ ఐదుకు ఐదు వేస్తాను. ఆ తీర్పుకు మార్కులు వేసే అర్హత నాకు లేదు, నేను ఒప్పుకోలేకపోతున్నానని మాత్రం రాస్తున్నాను.

బయటకు వచ్చే ముందు మనవరాలు మొదటి హాలు గుమ్మంలో ఆగింది. వాదన ముగిసి అందరూ వెళ్లిపోయారు. "అమ్మమ్మా, జడ్జీలవి అవి, లాయర్లవి ఇవి. కేసు ఎవరిదో వాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగింది. మేమిద్దరం అరగంట కూర్చున్న వెనక వరుస చూపించాను. అది పరిగెత్తుకెళ్లి ఇందాక తాను కూర్చున్న చోటే మళ్లీ కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఖాళీ బల్లల వైపు చూసింది. దానికి ఇంకో మూడేళ్లకు పదిహేను వస్తాయి.