వర్డ్‌లో ఫైల్ లోపలి లింకులు: ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ పని నాది. యూనివర్సిటీ థీసిస్‌లు, గ్రూప్స్ కోచింగ్ మెటీరియల్, అన్నీ లావుపాటి ఫైళ్ళే, అందుకే వర్డ్‌లో హైపర్‌లింక్, అంటే నొక్కితే ఫైల్‌లో ఇంకో చోటికి తీసుకెళ్ళే లింక్, లేకుండా నాకు రోజు గడవదు.

పెట్టడం చాలా ఈజీ. మాట సెలెక్ట్ చేసి కంట్రోల్ కె కొట్టి, ఎడమ పక్కన ప్లేస్ ఇన్ దిస్ డాక్యుమెంట్ నొక్కితే హెడింగులన్నీ వరసగా కనపడతాయి, కావాల్సింది ఎంచుకుని ఓకే కొట్టడమే. కాకపోతే వాటికి హెడింగ్ 1, హెడింగ్ 2 స్టైల్ పెట్టి ఉండాలండీ, ఊరికే బోల్డ్ చేసి సైజు పెంచితే వర్డ్ దాన్ని హెడింగ్ కింద లెక్కెయ్యదు. పేరా మధ్యలోకో టేబుల్ దగ్గరికో వెళ్ళాలంటే ముందు అక్కడ ఇన్సర్ట్‌లోంచి బుక్‌మార్క్, అంటే ఆ చోటుకి ఒక పేరు గుర్తు, పెట్టుకోవాలి, అదీ ఆ లింక్ బాక్స్‌లోనే కనపడుద్ది, పేరులో స్పేస్ ఒప్పుకోదు, అండర్‌స్కోర్ వాడండి.

మన తెలుగు వాళ్ళకి అసలు తలనొప్పి వేరే ఉంది. డీటీపీలో వాడే పాత తరహా అను ఫాంట్లలో కొట్టిన ఫైల్ వచ్చిందనుకోండి, పేజీ మీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, తీరా ఆ లింక్ బాక్స్ తెరిస్తే హెడింగులన్నీ ఇంగ్లీష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు కలగలిసి వస్తాయి. ఎందుకంటే అందులో లోపల ఉండేది తెలుగు అక్షరం కోడ్ కాదు, ఆ ఫాంట్ వేస్తేనే తెలుగులా కనపడుద్ది, బాక్స్‌లో ఆ ఫాంట్ రాదు. ఏది మూడో అధ్యాయమో పోల్చుకోలేం. అందుకే లింకులు కావాలంటే ముందు యూనికోడ్‌లోకి, అంటే నిజంగా తెలుగు అక్షరాల కోడ్‌లోకి, మార్చి, ఒత్తులు, పొల్లులు సరిచూసుకుని, గౌతమియో నిర్మలా యూఐయో ఫాంట్ వేశాకే మొదలుపెడతా.

బాగా నచ్చింది ఏంటంటే, కంట్రోల్ పట్టుకుని లింక్ క్లిక్ చేసి ఎక్కడో 180వ పేజీకి వెళ్ళినా, ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం కొడితే మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చేస్తాం. ప్రూఫ్ చూసేటప్పుడు దీనంత ఉపయోగం ఇంకోటి లేదు.

నచ్చనిది, హెడింగ్ మార్చినా లింకులో పాత మాటే ఉండిపోద్ది. గైడ్ గారు అధ్యాయాల వరస మార్చమన్నారంటే "3.2 చూడండి" అన్నవన్నీ చేత్తో వెతుక్కుని దిద్దాలి. అలాంటి చోట హెడింగులకి ఆటో నెంబరింగ్ ఇచ్చి, రిఫరెన్సెస్‌లో ఉన్న క్రాస్ రిఫరెన్స్ వాడండి, కంట్రోల్ ఏ కొట్టి ఎఫ్9 కొడితే నెంబర్లు వాటంతటవే మారిపోతాయి, క్లిక్ చేస్తే వెళ్తుంది కూడా.

పీడీఎఫ్ దగ్గర మాత్రం జాగ్రత్త. ప్రింట్‌లోకి వెళ్ళి మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఇస్తే లింకులన్నీ పోతాయి. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో క్రియేట్ బుక్‌మార్క్స్ యూజింగ్ హెడింగ్స్ టిక్ పెట్టండి. గ్రూప్స్ పిల్లలు ఎక్కువ ఫోన్‌లోనే చదువుతారు, విషయసూచికలో చాప్టర్ మీద వేలు పెడితే అక్కడికి వెళ్ళాలి గానీ వందల పేజీలు తోసుకుంటూ కూర్చోవాలంటే పాపం ఎంత టైం పోతుంది.

వర్డ్ కొనలేని వాళ్ళకి లిబ్రే ఆఫీస్ రైటర్ ఉంది, ఫ్రీ. అందులోనూ కంట్రోల్ కె నే, పైగా ఎఫ్5 కొడితే నావిగేటర్ వస్తుంది, అందులో హెడింగ్‌ని పట్టుకుని పేజీలోకి లాగితే అదే లింక్ అయిపోద్ది, ఈ ఒక్క విషయంలో నా ఓటు దానికే.