డీసీఎస్‌లో ఏ-4ఈ స్కైహాక్ మోడ్: ఊరికే వచ్చిన జెట్టుకి నా రివ్యూ

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. రెండెకరాల రొయ్యల చెరువుంది, రాత్రి పదిన్నరకి ఓసారి చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు చూసొచ్చేసి, ఇంట్లో వాళ్లు పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుని ఫైటర్ జెట్లు తోలడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. పేకాట కన్నా నయమే కదా అని మా ఆవిడ కూడా ఏమీ అనదు, కరెంటు బిల్లు వచ్చిన రోజు తప్ప.

డీసీఎస్ వరల్డ్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్తా. కంప్యూటర్‌లో విమానాలు అచ్చం నిజంలాగ తోలే సిమ్యులేటర్ గేమ్ అది. గేమ్ ఫ్రీయే, సు-25టీ అని ఒక జెట్టు, టీఎఫ్-51 అని ముందు ఫ్యాను తిరిగే పాత విమానం ఒకటి, కాకసస్ మ్యాప్ ఊరికే ఇస్తారు. ఆ పైన మంచి జెట్టు ఏది కావాలన్నా కొనుక్కోవాలి, మన డబ్బుల్లో వేలే, ఆ డబ్బులకి చెరువుకి మేత బస్తాలొస్తాయి కాబట్టి నేను జనం సొంతంగా చేసి ఫ్రీగా పెట్టే మోడ్‌ల మీద పడ్డా. ఐదారు వేసి చూశానండి. పేర్లు చెప్పను గానీ ఎక్కువ శాతం బయట నుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉంటాయి, లోపల కూర్చుంటే వేరే విమానం కాక్‌పిట్ అద్దెకి తెచ్చి బిగించినట్టుంటాయి, సగం స్విచ్చులు ఉత్తి బొమ్మలు. ఒకదానికైతే గేమ్ అప్‌డేట్ వచ్చిన మర్నాడు చక్రాలు దిగడం మానేసింది. ఊరికే ఇచ్చినోళ్లని ఏమంటాం, ఫోల్డర్ డిలీట్ చేసుకున్నా.

ఈ స్కైహాక్ అలా కాదు. కాక్‌పిట్ దీని సొంతం, మౌస్‌తో నొక్కితే స్విచ్చులు నిజంగానే పనిచేస్తాయి, డబ్బులు పెట్టి కొన్నవాటి పక్కన పెట్టినా సిగ్గుపడక్కర్లేదు. నా లెక్క ఏంటంటే వీళ్లు ఎంచుకోవడమే తెలివిగా ఎంచుకున్నారు. పెద్ద పెద్ద రాడార్లూ స్క్రీన్లూ ఉన్న జెట్టుకి పోకుండా చిన్నదాన్ని పట్టుకుని దాన్ని పూర్తిగా చేశారు. అసలు విమానం కూడా అదే బాపతు. అమెరికా నేవీ కోసం డగ్లస్ కంపెనీలో ఎడ్ హైనెమన్ అనే ఆయన డిజైన్ చేశాడు, 1954లో మొదటిసారి ఎగిరింది, రెక్కలు ఎంత పొట్టివంటే ఓడ మీద మిగతా విమానాలకి ఉన్నట్టు మడిచే ఏర్పాటే అక్కర్లేకపోయింది. ఇంజిన్ వెనక మంట పెట్టి అదనపు తోపు ఇచ్చే ఆఫ్టర్‌బర్నర్ లేదు. మూడు మూలల డెల్టా రెక్క, మన గోదారి డెల్టా వాళ్లకి సరిపోయింది.

ఇన్‌స్టాల్‌లో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మోడ్‌ని గేమ్ ఉన్న ఫోల్డర్‌లో కాదు, సేవ్డ్ గేమ్స్‌లో డీసీఎస్, అందులో మోడ్స్, అందులో ఎయిర్‌క్రాఫ్ట్, అక్కడ పెట్టాలి. జిప్ విప్పినప్పుడు ఒక్కోసారి ఫోల్డర్‌లో ఫోల్డర్ వస్తది, నేను అది చూసుకోక ఒక రాత్రంతా విమానం మెనూలో కనపడట్లేదని కొట్టుకున్నా.

ఇంక అసలు కథ. కాకసస్ మ్యాప్‌లో జార్జియా దేశంలో సముద్రం ఒడ్డున బటూమి అని ఎయిర్‌పోర్టుంది, దాని రన్‌వే పక్కన ఇంజిన్ స్టార్ట్ చేశా, థ్రాటిల్ కొంచెం ఇచ్చా, జాయ్‌స్టిక్ ఎడమకి మెలేస్తే విమానం తిరగదు. కుడికి మెలేసినా తిరగదు. తిన్నగా వెళ్లి గడ్డిలో దిగింది. ఏ-4ఈకి ముందు చక్రానికి స్టీరింగ్ లేదంట, ఆఫీసు కుర్చీ చక్రంలాగ దాని ఇష్టం దానిది. నెమ్మదిగా పోతున్నప్పుడు ఎటు తిరగాలంటే అటు పక్క చక్రానికి బ్రేక్ వెయ్యాలి. ఇది తెలిసిన నిమిషం నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే దమ్ము చేసేటప్పుడు గట్టు దగ్గర ట్రాక్టర్ తిప్పేది అలాగే కదా, ఎడమ బ్రేకు వేరు, కుడి బ్రేకు వేరు, లోపలి పక్కది తొక్కితే బండి అక్కడికక్కడే తిరుగుద్ది. మా నాన్న నాకు పదో తరగతిలో నేర్పింది ఇన్నేళ్లకి ఇక్కడ పనికొచ్చింది. కంట్రోల్స్‌లోకెళ్లి రెండు బ్రేకులూ రెండు బటన్లకి విడివిడిగా పెట్టుకున్నా, అంతే, సాఫీగా పోయింది.

గాల్లోకి లేచాక ముద్దొస్తది. రెక్క ముందు అంచున స్లాట్స్ అని పలకలుంటాయి, వాటికి స్విచ్ ఏమీ లేదు, స్పీడు తగ్గినా గట్టిగా మలుపు తిప్పినా వాటంతటవే బయటికి జారతాయి, తల వెనక్కి తిప్పి అది చూడ్డం నాకు సరదా. బాంబులెయ్యడం మాత్రం ఏడిపిస్తది. గురి గీత ఎంత కిందికి దించాలో నాబ్ తిప్పి మనమే పెట్టుకోవాలి, అదేమో ఏ ఎత్తు నుంచి ఏ వాలులో దిగుతున్నామో దాన్ని బట్టి మారుద్ది. నా మొదటి పది బాంబులూ పొలాల్లోనే పడ్డాయి, జార్జియా రైతులు క్షమించాలి. రాడార్ ఉంది గానీ అది నేలని చూపించేదే, గాల్లో శత్రువుని పట్టుకునేది కాదు, మిసైళ్ల యుద్ధాలు కావాలనుకునేవాళ్లు దీని జోలికి రాకండి.

దిగడమే దీని అందం. అద్దం పక్కన చిన్న లైట్లుంటాయి, గారెలాగ గుండ్రంగా పసుపుది వెలిగితే సరిగ్గా వస్తున్నట్టు, ఆకుపచ్చ బాణం అయితే నెమ్మదైపోయినట్టు, ఎర్రది అయితే స్పీడు ఎక్కువైనట్టు. స్పీడు మీటర్ వదిలేసి ఆ గారె పట్టుకుని రావాలి. వారం రోజులు కుస్తీ పడి ఒక రాత్రి మొదటిసారి గారె ఆరకుండా బటూమికి దిగొస్తున్నా, రన్‌వే ఇంకో అర కిలోమీటరు, ఇన్వర్టర్ కూయ్ మంది. కరెంటు పోయింది. పోతే ఏరేటర్లు ఆగిపోయినట్టే కదా, పాజ్ కూడా నొక్కకుండా టార్చి పట్టుకుని చెరువు మీదకి పరిగెత్తి జనరేటర్ వేసొచ్చా. వచ్చేసరికి స్క్రీన్ మీద నల్ల సముద్రం ఒక్కటే ఉంది. రొయ్యలు బాగానే ఉన్నాయి.

మా బామ్మర్దికి మాత్రం మిగ్-21 కావాలి, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన ఎయిర్‌ఫోర్స్ దానికి వీడ్కోలు చెప్పిన దగ్గర్నుంచీ వాడిది ఒకటే గోల. డీసీఎస్‌లో అది కొనుక్కోవాలి. ఫ్లైట్‌గేర్ అని పూర్తిగా ఫ్రీ సిమ్ ఇంకొకటుంది, అందులో జనం చేసిన మిగ్-21బిస్ దొరుకుద్ది, పైగా ప్రపంచం మొత్తం ఉంటది కాబట్టి మధురపూడి ఎయిర్‌పోర్టులో లేచి ధవళేశ్వరం కాడ వశిష్ఠ పాయ పట్టుకుని అంతర్వేది దాకా ఐదారు నిమిషాల్లో వెళ్లిపోవచ్చు, బస్సులో అయితే పూట పడుద్ది. మా ఊరు వెతికితే ఆకుపచ్చ మచ్చ ఒకటి కనపడింది, ఇల్లూ చెరువూ ఊహించుకున్నాం. మన గోదారి చూసుకోడానికి అది, విమానం నేర్చుకోడానికి ఇది అని నా మాట.

మంచి జాయ్‌స్టిక్ లేకపోతే స్కైహాక్ వద్దు, చెయ్యి వదిలినా విమానం తిన్నగా పోయేట్టు సర్దుకునే ట్రిమ్‌ని కీబోర్డుతో పట్టలేరు. డీసీఎస్‌కి ఎస్ఎస్‌డీలో 200 జీబీ ఖాళీ ఉంచుకోండి, ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. గేమ్ అప్‌డేట్ వస్తే మోడ్‌కి కూడా కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసుకుని అప్పుడు ఆడండి. బ్రేకుల సంగతి మర్చిపోవద్దు, మా బామ్మర్ది "నాకు తెలుసులే బావా, ట్రాక్టరా ఏంటి ఇది" అని వినకుండా ఎక్కాడు, ఇంకా బటూమి గడ్డిలోనే ఉన్నాడు.